చెల్లె ఫ్రీజరులో నా కోళ్ళు

మా చెల్లె చికెన్ షాపుకు గాజు తలుపు ఉండేది. నా షాపుకు ఉన్నది షట్టరు. అది కూడా సగం దాకా ఎత్తి కింద కట్టె ఆనిస్తేనే నిలబడుతుంది. గోదావరిఖనిలో క్వార్టర్ల మలుపు దగ్గర రోడ్డుకు ఇవతల నేను, అవతల ఆమె. పొద్దున్నే చింతమొద్దు కడుగుతూ తలెత్తితే ముందు ఆ గాజే కనబడేది. దాని నిగనిగ చూసి కడుపు మండని రోజు లేదు.

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆమెకు కత్తి పట్టడం నేర్పింది నేనే. పెళ్ళికి ముందు రెండేళ్ళు నా పక్కన కూర్చుని కోళ్ళు కోసింది. కందనకాయ చీల్చి లోపలి పసుపు పొర ఊడదీయడం చేతకాక వారం రోజులు ఏడ్చింది. మంచిర్యాలలో ఒక లారీ డ్రైవరుకు ఇచ్చి పెళ్ళి చేశాం. కొన్నేళ్ళకు ఆమె, మరిది కలిసి తిరిగొచ్చారు. ఏదో కంపెనీ వాళ్ళ బోర్డు పెట్టుకుని, వాళ్ళు పంపిన ప్యాకెట్లే అమ్మాలన్న ఒప్పందం మీద షాపు తెరిచారు. ఊరంతా వదిలిపెట్టి నా ఎదురుగానే ఎందుకని అడిగాను.

"నువ్వు ఎదురుంగ ఉంటే నాకు ధైర్నం అక్కా" అంది.

ఆ మాట నాకు వెటకారంలా వినిపించింది.

అక్కడ ఏసీ. మసాలా పట్టించిన లెగ్ పీసులు, ఎముకల్లేని ముక్కలు, ఫోన్లో నొక్కితే ఇంటికి పంపడం. నెత్తికి టోపీ, చేతులకు గ్లవుజులు. సాయంత్రం షాపు మూసి గ్లవుజులు తీస్తే గోళ్ళకు రంగు కనబడేది. నా గోళ్ళ సందుల్లో ఇరవై ఏళ్ళ నెత్తురు, ఏ సబ్బుకూ పోదు. ఆఫీసర్ల బంగళాల నుంచి కోస్తా వైపు ఇంజనీరు గారి భార్య ఒకావిడ ప్రతి ఆదివారం నా దగ్గరే తీసుకునేది. నేను కోడిని నీలం డ్రమ్ములో వేసినప్పుడల్లా మొహం అటు తిప్పుకునేది. ఒకరోజు చెల్లె షాపు నుంచి కవరుతో బయటికొస్తూ నాకు దొరికిపోయింది. "అక్కడ వాసన రాదండి, మీరేమీ అనుకోకండి" అంది. అనుకోనని నవ్వాను. ఆ పూట కోసిన కోళ్ళన్నిటికీ నా కత్తి దెబ్బ అవసరానికి మించే పడింది.

నాకు మిగిలిన గొప్ప ఒక్కటే. ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో నాకు తెలుసు. మొదటి షిఫ్టు వాళ్ళు డ్యూటీకి పోతూ చెప్పి పోతారు, దిగి వస్తూ తీసుకుపోతారు. రెండో షిఫ్టు వాళ్ళకు పొద్దున్నే కావాలి, తిని పడుకుని లేచి పోతారు. ఫోన్లో ఆర్డరు రాసుకునే ఆ షాపుకు ఇదంతా ఏం తెలుసని విర్రవీగేదాన్ని. కానీ బొగ్గు బాయిలు ఒక్కొక్కటీ మూతపడుతుంటే క్వార్టర్లు ఖాళీ అవుతున్నాయి. మిగిలిన పెద్దవాళ్ళకు షుగరు, బీపీ. వాళ్ళ పిల్లలకేమో రెక్కలు టపటప కొట్టుకునే కోడిని చూస్తే తినబుద్ధి కాదట. ఇవన్నీ చెల్లె చేసిన పనులు కావు. అయినా అన్నిటికీ ఆమెనే తిట్టుకున్నాను.

శివరాత్రి పోయి ఎండలు మొదలైన రోజుల్లో, ఎక్కడో కోళ్ళకు రోగం వచ్చిందని టీవీలో చెప్పారు. మా దగ్గరికి ఇంకా రాలేదన్నారు. ఊరంతా భయపడింది, నేను సంతోషపడ్డాను. నా కోడి బతికున్న కోడి, కళ్ళముందు కూస్తుంది. ప్యాకెట్లో ఉన్నదాన్ని ఎవరు నమ్ముతారు? ఇక ఆ గాజు తలుపు తోసేవాడుండడని లెక్క వేసుకుని, ఆదివారం కోసం ఎప్పుడూ దింపించేదానికి రెండింతల కోళ్ళు దింపించాను. ఆమె గిరాకీ కూడా నాకే వస్తుందని నా ఆశ.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. శనివారం పొద్దున నా మొదటి గిరాకీ, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ కాక ఒకాయన, డ్యూటీకి పోతూ ఆగాడు. ఆయనతో అన్నాను.

"నా కోడి నీ కండ్ల ముందట కూత వెడ్తది కాకా. గా ప్యాకెట్లల్ల ఉన్నది కోసిందో సచ్చిందో ఎవలకెర్క?"

ఇంటికి పోయి భార్యతో చెబుతాడు, ఆమె నలుగురు ఆడవాళ్ళతో చెబుతుంది అనుకున్నాను. ఇన్నేళ్ళు బాయి మనుషుల మధ్య బతికి కూడా, ఆయన ఇంటికి కాదు, బాయికి పోతున్నాడన్న సంగతి మరిచాను. హాజరు వేసే చోట ఒక మాట పడిందంటే, కిందికి దిగేటప్పుడు ఒకటిగా ఉన్నది పైకి వచ్చేసరికి పదవుతుంది. మొదటి షిఫ్టు బయటికొచ్చేసరికి నా మాట "ఖనిల సచ్చిన కోళ్ళు అమ్ముతున్నరట"గా మారిపోయింది. అందులో ప్యాకెట్టు లేదు, గాజు తలుపు లేదు, ఉత్త కోడే మిగిలింది. రెండో షిఫ్టు దాన్ని మళ్ళీ కిందికి తీసుకుపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు.

ఆదివారం నా మొద్దు మీద కత్తి పడలేదు. చెల్లె షాపుకూ ఎవరూ రాలేదు. తేడా ఏమిటంటే ఆమె ప్యాకెట్లు ఫ్రీజరులో చల్లగా పడున్నాయి. నా కోళ్ళు జాలీలో ఊపిరి పీల్చుకుంటున్నాయి. బాయిలర్ కోడి అమ్ముడుపోయే రోజుకు అమ్ముడుపోవాలి, ఎండకు ఆగదు. జాలీకి తడి గోనెలు కట్టాను, బెల్లం నీళ్ళు పెట్టాను. ముక్కులు తెరిచి ఎగపోస్తూనే ఉన్నాయి. సోమవారం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడు బెదిరి అన్నీ ఒక మూలకు కుప్పపడ్డాయి, అడుగున ఐదు చచ్చాయి. మిగిలినవీ పోతే షట్టరు మళ్ళీ ఎత్తే శక్తి నాకు లేదు. ఒంటరిదాన్ని, నాకున్నది ఆ షాపొక్కటే.

మధ్యాహ్నం చెల్లె రోడ్డు దాటి వచ్చింది. టోపీ తీసేసి చున్నీ నడుముకు బిగించి, గోడకు వేలాడుతున్న నా రెండో కత్తి అందుకుంది.

"లే అక్కా, అన్ని కోద్దాం. నా ఫ్రీజరు సగం ఖాళీనే ఉన్నది."

కంపెనీ వాళ్ళ ప్యాకెట్లు తప్ప వేరేవి అందులో పెట్టకూడదు కదా అన్నాను. వాళ్ళు నెలకోసారి వస్తారని, ఇప్పట్లో రారని చెప్పింది. పొద్దుగూకే దాకా కోశాం. అంత కష్టంలోనూ నా కళ్ళు ఆమె కత్తి మీదే. రెండేళ్ళుగా గ్లవుజుల్లో ఉన్న చేతులు, అయినా నాకన్నా జల్దీగా కొడుతోంది, ముక్క ముక్కకూ తేడా లేదు. నేను నేర్పిన పని నాకన్నా బాగా చేస్తున్నందుకు అప్పుడు కూడా కళ్ళు కుట్టాయి. ఏం చేయను, నా బుద్ధి అంతే.

రోగం భయం వల్ల ఈసారి కంపెనీ మనిషి నెల దాకా ఆగలేదు. నాలుగు రోజులకే వచ్చాడు. ఫ్రీజరు తెరిచాడు, చేత్తో ముడివేసిన నా కవర్లు బయటికి తీశాడు. అతని డ్యూటీ అతను చేశాడు. నేను రోడ్డు ఇవతల నుంచి చూస్తున్నాను. ఇవి ఎవరివి అని అడిగి ఉంటాడు. చెల్లె తల వంచుకుని నిలబడింది, నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. వారం తిరగకముందే బోర్డు దించేశారు.

బోర్డు దిగుతుంటే మొదట నాకు హాయిగా అనిపించింది. అబద్ధమెందుకు, ఒక గుక్క చల్లని నీళ్ళు తాగినట్టే ఉండింది. తరువాత అన్నం సహించలేదు. ఆ కవర్లన్నీ ఆమే మోసుకొచ్చి నాకిచ్చింది. హోటళ్ళ వాళ్ళు తీసుకున్నారు. నా షాపు నిలబడింది. మెల్లగా జనం కూడా రావడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం చెల్లె వచ్చి నా బల్ల మీద కూర్చుంది. వాళ్ళాయన మళ్ళీ లారీ ఎక్కుతున్నాడని చెప్పింది. ఇక దాచుకోలేక, ఆ మాట పుట్టించింది నేనేనని చెప్పేశాను. చెప్పి తల దించుకున్నాను, తిడుతుందని, చెప్పుతో కొట్టినా పడదామని.

"ఎర్కే అక్కా" అంది. "శనివారం డ్యూటీ దిగంగనే కాక నా తానకొచ్చి చెప్పి పోయిండు."

శనివారం. ఆమె వచ్చి నా కత్తి అందుకున్నది సోమవారం.

"ఎర్కుండి ఎందుకు పెట్టుకున్నవే నా కోళ్ళను?"

"మరి నిన్ను ముంచుకుంటనా? రెండేండ్ల సంది నీ మొఖం సూస్తనే ఉన్న. ఏదో ఒకనాడు ఏదో ఒకటంటవని అనుకున్నదే." చున్నీతో చెమట తుడుచుకుని, రేపటి నుంచి పొద్దున తాను వచ్చి కోస్తానని, నన్ను కాస్త ఆలస్యంగా లేవమని చెప్పింది.

ఇప్పుడు ఇద్దరం ఒకే షాపులో కూర్చుంటున్నాం. గిరాకీ వచ్చి చిన్నక్క కోస్తేనే తీసుకుంటామని నిలబడితే నాకు మండుతుంది, కానీ అది చిన్న మంట, కాసేపటికి చల్లారుతుంది. పెద్దది వేరే ఉంది. చెల్లెకు అంతా తెలుసు. తెలిసి కూడా రోడ్డు దాటి వచ్చింది. ఆమె స్థానంలో నేనుంటే, ఆ కోళ్ళు చివరిది చచ్చేదాకా గాజు తలుపు వెనక నిలబడి చూసేదాన్ని. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె ఏసీ మీద, గోళ్ళ రంగు మీద పడ్డ కుళ్ళంతా ఒక ఎత్తు, ఆ మనసు నాకు లేకుండా ఆమెకే ఎందుకు పోయిందన్న కుళ్ళు ఒక్కటే ఒక ఎత్తు.