సుక్రు ఎంచిన వాల్వు

చింతపల్లి సుక్రు ఒకసారి పాత రేడియోల్లో బల్బులా వెలిగే, అరచేతిలో ఇమిడే గాజు వాల్వుతో తుపాను నోరు మూయించాడు. సరే, మూయించలేదు, తుపాను తన ఇష్టమొచ్చినంత సేపు అరిచింది. కానీ ఆ అరుపు మీదుగా ఒక మనిషి మాటను విశాఖపట్నం చేర్చాడు. అది మాత్రం నా కళ్లతో చూశాను.

సుక్రుది ఐదో తరగతి చదువు, అరెకరం కాఫీ తోట, సంత వీధిలో రేడియోలు బాగుచేసే బల్ల. ఆ డిసెంబరు తుపానుకు ఘాట్ రోడ్డు తెగింది, సెల్ టవర్లు పడ్డాయి, కరెంటు పోయింది. తెల్లవారేసరికి అతని కూతురు కనకకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, డాక్టరు రావాల్సిందేనని నర్సు చెప్పింది. మిగిలిన దిక్కల్లా కిరాణా కొట్టు జగన్నాథరావు గారు సరదాగా దూరపు ఊళ్లతో మాట్లాడే హామ్ రేడియో. దాని ఆంప్లిఫయరులో వాల్వు మాడిపోయింది. అది లేకపోతే మాట కొండ దాటదు.

జగన్నాథరావు గారు చర్చి మైకుసెట్టులోని లావుపాటి వాల్వు పట్టుకొచ్చారు. "ఇది పెట్టు సుక్రూ, ఊరంతా వినిపిస్తుంది!"

"పాటలకైతే సరే బాబూ. ఇక్కడ తరంగం సెకనుకి డెబ్బై లక్షల సార్లు ఊగుతాది. దీన్లో వచ్చే దారీ పోయే దారీ పక్కపక్కనే. బయటికెల్లింది మల్లీ లోపలికి జొరబడి, సెట్టు తనలో తనే ఊళెడతాది."

"నీకెవరు చెప్పారోయ్?"

"సంతరోజు జీపులు సెప్పాయి. ఎదురెదురుగా ఒకే సందులో దూరితే, హారన్లే మిగులుతాయి."

పాత టీవీల నుంచి ఊడదీసిన వాల్వుల సంచి కుమ్మరించాడు. తల మీద లోహపు టోపీ ఉన్నవి మూడే ఏరాడు. వాటిలో మాట కాళ్లలాంటి కింది పిన్నుల నుంచి ఎక్కి తల నుంచి బయటికి పోతుంది. రెండు దారులూ కలవవు. ఒకదాని లోపలి వెండిపూత తెల్లబడింది. గాలి దూరిందని పక్కన పెట్టాడు. రెండోదాన్ని చెవి దగ్గర ఆడించాడు.

"గలగలమంది! ఇదే బాగుంది!" అన్నారు జగన్నాథరావు గారు. కాఫీ పండు బాగా ఎండిందో లేదో మేము అలాగే ఆడించి చూస్తాం మరి.

"కాఫీకైతే బాబూ! దీనికి లోపల తీగ ఇరిగిపోనాది."

మూడోది చప్పుడు చేయలేదు. దాన్నే సెట్టులో బిగించాడు.

కాఫీ పండ్ల తొక్క తీసే పల్పర్ దగ్గరి డీజిల్ జనరేటరు తెచ్చి ఆన్ చేశారు. గాజులో సన్నని తీగ మెల్లగా ఎర్రబడింది. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు అద్భుతాల గురించి చెబుతుంటే నేను కిటికీలోంచి కాకుల్ని లెక్కపెట్టేవాణ్ణి. ఆ రోజు మాత్రం రెప్ప వేయలేదు. జగన్నాథరావు గారు మూడుసార్లు పిలిచారు. బుస్సుమనే హోరులోంచి విశాఖ ఆపరేటరు పలికింది, పక్కింటి పిల్లంత దగ్గరగా. కనక సంగతి చెప్పి డాక్టరును పంపమన్నారు. సుక్రు గోడకు చేరబడి కళ్లు మూసుకున్నాడు.

మధ్యాహ్నానికి, విశాఖ నుంచి కబురందిన డాక్టరమ్మ తాళ్లు పట్టుకుని తెగిన రోడ్డు దాటింది. తల్లీ బిడ్డా దక్కారు.

ఇదంతా రాసి సుక్రుకు చదివి వినిపించాను. బల్ల మీద నుంచి తలెత్తకుండానే అన్నాడు:

"ఏటి పెద్దాయనా, అంతా అబద్ధం. వాల్వూ లేదు, డాక్టరమ్మా లేదు. తుపానునాడు నాను ఇంటికాడ ఎండలో కాఫీ ఎండేసుకుంటన్నాను."