మిరప గదిలో పెట్టిన పెట్టె

మొన్న పొద్దున కాఫీ తాగుతుంటే ఫోన్లో స్టోరేజీ నిండిపోయిందని కనబడింది. ఈ మాత్రం దానికి కంగారేమిటని మీరు నవ్వుతారేమో గానీ, నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. గుంటూరులో పెరిగిన మన తరానికి స్టోరేజీ అంటే మిరపకాయ దాచే కోల్డ్ స్టోరేజీయే కదా. నాకు మాత్రం ఆ మాట వింటే మిరపకాయతో పాటు ఒక ఇనప పెట్టె కూడా కళ్లముందుకొస్తుంది.

అప్పట్లో మా మేనమామకు గుంటూరులో, సత్తెనపల్లిలో, ఒంగోలు దారిలో మూడు కోల్డ్ స్టోరేజీలు ఉండేవి, వాటి కంప్యూటర్ పనంతా నేను చూసేదాన్ని. రైతులు తెచ్చిన టిక్కీల మీద, అంటే మిర్చి బస్తాల మీద, ఒక నంబరే ఉండేది. ఆ నంబరు ఎవరిదో, ఏ గదిలో ఏ అంతస్తులో పెట్టామో కంప్యూటరే చెప్పాలి, చేతిరాతలు ఏనాడో మానేశాం. ఆ పాత కంప్యూటరు మూలగడం మొదలుపెట్టేసరికి నాకు నిద్ర కరువైంది. అది పోతే, చీకటి గదుల్లో కప్పుదాకా పేర్చిన ఎర్రటి కాయలో ఎవరి ఏడాది కష్టం ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

మూడు చోట్లకూ సరిపడే కొత్త స్టోరేజీ సిస్టం చూడమని మామయ్య ఆ భారం నా నెత్తిన పెట్టాడు. రెండు కంపెనీల వాళ్లు వచ్చారు. ఒకరిది చవక, ఒక్కటే పెట్టె. రెండోవాళ్లవి జంట పెట్టెలు, ఒకటి గుంటూరులో, ఇంకొకటి మంగళగిరిలోని మా ఆఫీసులో. ఇక్కడ ఎక్కించిందల్లా అక్కడా పడుతుంది, ఖరీదూ దానికి తగ్గట్టే ఎక్కువ. ఇద్దరూ తియ్యగానే మాట్లాడారు. కానీ మన మిర్చి యార్డులో పైన కనబడే కాయ చూసి ఎవరైనా కొంటారా, టిక్కీ నడుమ దాకా చెయ్యి పోనిచ్చి తీసి చూస్తారు గానీ! నేనూ అదే పట్టు పట్టి, ఇద్దరివీ కొన్నాళ్లు ఇక్కడ నడిపి, నేనడిగిన రైతు నంబరు లోపల్నుంచి తీసి చూపిస్తేనే మాట్లాడదామన్నాను.

రెండూ తెచ్చి బిగించారు గానీ, అన్నాళ్లు ఆగే ఓపిక మామయ్యకు లేదు, చవకదాన్నే ఖాయం చేశాడు. "పాడైతే కొత్తది ఇస్తారంటగా అమ్మాయ్, ఇంకా ఏంటి నీ భయం?" అన్నాడు. పెట్టె ఇస్తారు సరే, లోపలున్నది ఎవరిస్తారు మామయ్యా అంటే వినిపించుకోలేదు. పైగా అలాంటివి వేడికి చెడతాయని ఎవరో చెప్పారట, దాన్ని ఏకంగా మిరపకాయల గదిలో పెట్టించాడు. కాయే చెక్కుచెదరకుండా ఉండే చోట పెట్టెకేం రోగమని ఆయన ధీమా. జంట పెట్టెలు వెనక్కి పంపమన్నాడు గానీ నాకు చేతులు రాలేదు. అట్టపెట్టెలు దొరకలేదనీ, తీసుకెళ్లే మనిషి రాలేదనీ వంకలు చెబుతూ వాటినీ నడవనిచ్చాను.

శ్రావణంలో రేటు పెరిగి రైతులు బారులు తీరారు. కాయ బయటికి తీయడానికి గది తలుపులు పొద్దస్తమానం తెరిచే ఉంచారు. చల్లటి పెట్టెకు వానగాలి తగిలి, చెమ్మ పట్టి, నీళ్లు లోపలికి దిగాయి. ఒక్కసారిగా మూడు చోట్లా తెరలు నల్లబడ్డాయి.

ఘాటుకు కొంగు ముక్కుకడ్డం పెట్టుకుని కౌంటరు ముందు నిలబడ్డ ఒక రైతు భార్య, "మా కాయ ఉందా అమ్మా?" అని అడిగింది. ఉంది, ఎక్కడుందో చెప్పలేను. వెనక మామయ్య ఒక టిక్కీ మీద కూలబడిపోయాడు.

మా తెరలన్నీ చెడిన పెట్టెకే కలిపి ఉన్నాయి గనక, జంట పెట్టెల్లో రెండోది ఉన్న మంగళగిరి ఆఫీసుకు ఫోన్ చేసి ఆవిడ నంబరు చెప్పాను. వాళ్లు వెతుకుతున్నంతసేపూ ఆ నంబరే మళ్లీ మళ్లీ చెబుతూ ఉన్నాను. రెండో గది, మూడో అంతస్తు అని వినబడగానే అందరి ముందూ ఏడ్చేశాను. మామయ్య కళ్లజోడు తుడుచుకుని, "ఆ పెట్టెలు పంపకులే" అన్నాడు, అంతే.

ఇప్పుడు ఆ స్టోరేజీలు మామయ్య కొడుకు, మా బావ, చూసుకుంటున్నాడు. డేటా అంతా క్లౌడ్‌లో ఉంటుందట, చవకేనట, నమ్మకమేనట. అది ఏ ఊళ్లో ఉంటుంది బావా అంటే తనకూ తెలియదని నవ్వుతాడు. అన్నీ సవ్యంగానే ఉండొచ్చు. ఆ రోజుల్లో నా భయానికి ఎదురుగా ఒక పెట్టె ఉండేది, కాలుతోందా, చెమర్చిందా అని దాన్ని తడిమి చూసుకునేదాన్ని. ఇప్పుడెవరైనా వచ్చి మా కాయ ఉందా అమ్మా అని అడిగితే, చెయ్యి ఎక్కడ పెట్టి చూడాలో నాకు తెలియదు.