లేని స్విచ్చు కోసం రెండు రోజులు

గ్లెనిస్‌ది ఉడుంపట్టు. టాస్మానియాలో మా హ్యువాన్ నది పడవలకి ముప్పై ఏళ్ళు రేడియోలు బాగుచేసింది. రిటైరయ్యాక, జనం పారేసిన ల్యాప్‌టాప్‌లకి లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి బతికించే పని నెత్తికెత్తుకుంది.

ఆ నవంబరులో, మాకు ఎండాకాలం మొదలయ్యే ముందర, మా ఊరి మంటలార్పే దళానికి ఆరు పాత ల్యాప్‌టాప్‌లు దొరికాయి. కార్చిచ్చు ఎటు పాకుతోందో ట్రక్కులోనే మ్యాపులో చూసుకోవచ్చని మేమంతా తెగ సంబరపడ్డాం. తీరా లినక్స్ ఎక్కించాక ఒక్కదాంట్లోనూ వైఫై రాదు. "వైఫై స్విచ్చు ఆఫ్‌లో ఉంది" అని ఒకటే పాట.

మా కెప్టెన్ డారిల్ రెండు రోజులు ఆ స్విచ్చు కోసం వెతికాడు. టార్చి వేశాడు, బ్యాటరీలు ఊడదీశాడు, చివరికి కళ్ళజోడు కూడా మార్చాడు.

"ఆదివారం ప్రాక్టీసు అయ్యేలోపు పనిచెయ్యకపోతే ఇవి చెత్తకుప్పకే, గ్లెనిస్! ఎండలు ముదురుతున్నాయి. వీటిని నమ్ముకుని మంటల్లోకి మనుషుల్ని పంపలేను."

ఆదివారం పొద్దున మేం నీళ్ళ గొట్టాలు చుడుతుంటే, ఆమె బల్ల దగ్గర డ్రైవర్ కోడ్, అంటే వైఫైని నడిపే ప్రోగ్రాము, చదువుతోంది. తినడానికి తెచ్చుకున్న ‘స్కాలప్ పై’, ఆల్చిప్పల మాంసం కూరిన రొట్టె, చల్లారిపోయింది. ఆఖరి గొట్టం చేతిలో ఉండగా బల్ల ఫెడీమని మోగింది.

"డారిల్! దీనికసలు స్విచ్చే లేదయ్యా!"

"మరి ఆఫ్‌లో ఉందంటోందిగా?"

"పాత మోడళ్ళకి ఉండేది. దీనికి పెట్టలేదు. పాపం, డ్రైవర్‌కి ఆ సంగతి తెలీదు. ఉందనుకుని అడుగుతోంది, సున్నా వస్తోంది, ఆఫ్ అనుకుంటోంది. స్విచ్చు లేని మోడళ్ళ జాబితాలో దీని పేరు చేరిస్తే సరి!"

చేర్చింది. డ్రైవర్‌ని మళ్ళీ తయారుచేసి ఆరింటికీ ఎక్కించింది. వైఫై వచ్చింది! మ్యాపు తెరుచుకుంది! గొట్టాలు వదిలేసి అందరం కేకలు పెట్టాం. డారిల్ ఆరింటినీ ఒక్కొక్కటే తన చేత్తో ఆన్ చేసి చూశాడు.

గ్లెనిస్ అప్పటికప్పుడే ఆ మార్పుని లినక్స్ తయారుచేసేవాళ్ళకి పంపబోయింది. మార్పు కింద దాన్ని పరీక్షించినవాళ్ళ పేరు రాయడం వాళ్ళ ఆనవాయితీ.

"నీ పేరు రాస్తున్నా, డారిల్."

"నాదెందుకు? నాకు కోడ్ ముక్క తెలీదు."

"స్విచ్చు లేదని రెండు రోజులు పరీక్షించావుగా! నీకంటే బాగా ఎవడు చూశాడు?"

డారిల్ వెళ్ళి, చల్లారిన ఆమె స్కాలప్ పైని వేడిచేసి తెచ్చాడు.