గుట్టకు మొక్కిన జుట్టు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి నడుస్తుంటే, ఫుట్‌పాత్ మీద క్లిప్పులు, రిబ్బన్లు పరుచుకుని కూర్చున్న ఆమె దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. ఆమె దగ్గరున్న రబ్బరు బ్యాండ్లలో అన్నిటికన్నా చిన్నవి, చిటికెనవేలికి కూడా బిగుతయ్యేవి, ఒక ప్యాకెట్ తీసి చేతిలో పట్టుకున్నాను. "పాపకు ఎన్నేండ్లమ్మా?" అని అడిగింది. పాప ఎవరూ లేరని చెప్పాను. "మరి గంత చిన్నయి ఎవలకు?" అంది. ఆ ప్రశ్నకు ఫుట్‌పాత్ మీద నిలబడి జవాబు చెప్పడం కష్టం. ప్యాకెట్ కొనుక్కుని ఇంటికి వచ్చాను.

ఆ బ్యాండ్లు మా చిట్టికి. అది కుక్క. యార్క్‌షైర్ టెరియర్ అనే జాతి. మూడు కిలోల లోపు బరువు, నేలను తాకే జుట్టు. ఆ జుట్టు కళ్లలో పడకుండా నడినెత్తిన పిలక కట్టాలి, దానికి మామూలు బ్యాండ్లు పనికిరావు. చిట్టి ఇప్పుడు లేదు. అది మా ఇంటికి ఎందుకు వచ్చిందో చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఎలుకలు పట్టడానికి వచ్చింది.

మా ఆయనకు దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో చిన్న బట్టల దుకాణం ఉండేది. జాకెట్ ముక్కలు, లైనింగులు, చీర ఫాల్సులు. రాత్రి మడతపెట్టిన తానులో పొద్దునకు కన్నం ఉండేది. బోను పెట్టాడు, మందు పెట్టాడు, ఏదీ పనిచేయలేదు. అప్పుడు ఇల్లు మారుతూ కుక్కను ఎవరికైనా ఇచ్చేయాలని చూస్తున్న దుకాణానికి వచ్చే ఒకాయన, ఈ జాతి పుట్టిందే ఎలుకలు పట్టడానికని చెప్పాడట. ఈయన ఆ మాట పట్టుకుని దాన్ని కూరగాయల సంచిలో పెట్టుకుని ఎల్బీనగర్‌లోని మా ఇంటికి తెచ్చాడు. సంచిలోంచి ముందు పిలక కనబడింది, తరువాత రెండు కళ్లు.

మా అత్తమ్మది నల్గొండ వైపు పల్లె. ఇంటికి ఎవరు వచ్చినా మంచినీళ్లు ఇచ్చేలోపు మూడు ప్రశ్నలు అడిగేది: ఏ ఊరు, ఎవరి బిడ్డవు, ఏం పని చేస్తవు. పైవాటాలో కిరాయికి దిగినవాళ్లయినా, గ్యాస్ బండ తెచ్చినవాళ్లయినా ఈ మూడింటికీ జవాబు చెప్పాల్సిందే. చిట్టిని కూడా అలాగే విచారించింది.

"ఏ ఊరిది ఇది?"

"ఇంగ్లండ్‌ది అమ్మా," అన్నాడు ఆయన.

"ఇంగ్లండ్ నుంచి గీ సంచిల వచ్చిందా? అక్కడ ఏం పని జేసేటిది?"

ఆయనకు అంతకుమించి తెలియదు. నాకూ తెలియదు, కానీ తెలియకపోతే నాకు నిద్ర పట్టదు. లైబ్రరీలో కుక్కల మీద ఉన్న ఒకటి రెండు పుస్తకాలు తెచ్చి చదివాను. స్కాట్లండ్‌లో నేతపని చేసేవాళ్లు, అక్కడ బతుకు గడవక, ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ మిల్లులకు కూలికి వచ్చారట. వస్తూ తమ చిన్న కుక్కలను వెంట తెచ్చుకున్నారట. మిల్లుల్లో, బొగ్గు గనుల్లో ఎలుకల బెడద. సందుల్లో దూరగలిగే చిన్న కుక్కలను ఏరి ఏరి పెంచుతూ పోతే, కొన్ని తరాలకు ఈ జాతి తేలింది. ధనవంతుల ఇళ్లలో ఒడిలోకి చేరింది ఆ తరువాతే. అంత సన్నని జుట్టు చూసి, అది ఒంటి మీద మొలిచింది కాదు, మగ్గం మీద నేసిందని అక్కడివాళ్లు హాస్యమాడేవారట. ఇదంతా అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ విని, "అంటే ఊర్ల పని లేక బతకనీకి వచ్చినోళ్ల కుక్క," అంది. అవునన్నాను. "అయితే ఉండనీ. దేవుని అర్ర దిక్కు మాత్రం రావద్దు."

ఎలుకల సంగతి చిట్టిని దుకాణానికి తీసుకెళ్లిన మొదటి రోజే తేలిపోయింది. యార్క్‌షైర్ ఎలుక ఎంత ఉంటుందో నేను చూడలేదు కానీ, మా దుకాణం వెనక కాలువలోంచి వచ్చే పందికొక్కు చిట్టి కన్నా పెద్దది. మా మరిది క్యాబ్ నడుపుతాడు, ఆ రోజు అక్కడే ఉన్నాడు. "అన్నా, దీన్ని గొలుసేసి కట్టు, పందికొక్కు ఎత్తుకపోతది," అన్నాడు. చిట్టికి ఆ అనుమానం లేదు. పందికొక్కు బీరువా కిందికి దూరితే, మధ్యాహ్నమంతా ఆ సందు ముందు కూర్చుని మొరిగింది. కొనడానికి వచ్చినవాళ్లు బేరం ఆపి చూశారు. తన కొలత తనకు తెలియకపోవడం టెరియర్ల స్వభావమని పుస్తకంలో కూడా ఉంది. మరునాటి నుంచి మా ఆయన దాన్ని ఇంట్లోనే ఉంచాడు. ఎవరికైనా ఇచ్చేయమని అత్తమ్మ అంటే, పని రాదని ఎవరినైనా ఇంట్లోంచి పంపుతామా అన్నాడు.

తన తువ్వాలు తాను ఆరేసుకోని మనిషి రోజూ సాయంత్రం కుక్కకు తల దువ్వేవాడు. ఈ జాతికి ఉండేది మామూలు కుక్క బొచ్చు కాదు. మన వెంట్రుకల్లాగే పెరుగుతూ పోతుంది, పెద్దగా రాలదు. ఒకటి రెండు రోజులు దువ్వకపోతే ఉండలు కడుతుంది. నీళ్లు చిలకరించి, కొసల నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పైకి దువ్వి, ముక్కు దగ్గర నుంచి తోక దాకా తిన్నగా పాపిట తీసేవాడు. మెడకు పట్టీ కట్టేవాడు కాదు. వాటి గొంతుగొట్టం మెత్తనిది, లాగితే దెబ్బతింటుంది. దుకాణంలో మిగిలిన లైనింగు ముక్కతో బనీను లాంటిది కుట్టించి తాడు దానికి కట్టాడు. అత్తమ్మ గుమ్మంలో కూర్చుని, "కన్నతల్లి తలల దువ్వెన పెట్టలే, కుక్కకు పాపిట దీస్తున్నడు," అనేది. ఆయన నవ్వి, "నువ్వు కదలకుండ కూసుంటవానె అమ్మా?" అనేవాడు. అత్తమ్మ దాన్ని ముట్టుకునేది కాదు, పేరు పెట్టి పిలిచేది కాదు. అది అనే అర్థంలో "గది" అనేది.

ఆయన ఒక ఎండాకాలం పోయాడు. దుకాణం షట్టర్ దించి ఇంటికి వస్తూ దారిలోనే. గుండె అన్నారు.

చిట్టి గుమ్మం దగ్గర కూర్చుంది. పెట్టింది పెట్టినట్టే ఉండి చీమలు పట్టేది. దినాలకు చుట్టాలందరూ వచ్చి ఉన్న ఒక పొద్దున చూస్తే, ఒక పక్కకు పడిపోయి వణుకుతోంది. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. ఇంత చిన్న ఒంట్లో దాచుకున్న బలం ఏమీ ఉండదు, తిండి మానితే రక్తంలో చక్కెర పడిపోతుంది. డాక్టరుకు ఫోన్ చేస్తే, చక్కెర నీళ్లు చిగుళ్లకు రుద్దుతూ వెంటనే తీసుకురమ్మన్నాడు. నేను ఇంకా ఫోన్‌లోనే ఉన్నాను. అత్తమ్మ లేచి, గిన్నెలో చక్కెర కలిపి, దాని నోట్లో వేలు పెట్టింది. ఆటోలో తువ్వాల్లో చుట్టి ఒడిలో పెట్టుకుంది. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆటో ఆగిపోయింది. ముందు బస్సు, వెనక బస్సు. ఆమె కళ్లు మూసుకుని, పైకే అంది: "స్వామీ నరసింహా, దీని పానం నిలవెట్టు. దీని ఎంటికలు నీకిస్త." ఆటో అతను చంటిపిల్ల అనుకున్నాడేమో, అద్దంలో చూసి, తువ్వాల్లోంచి మూతి కనబడగానే ఇంకోసారి చూశాడు.

చిట్టి బతికింది. రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టమన్నాడు డాక్టరు. ఇంట్లో చర్చ మాత్రం మొక్కు మీద. "చావు అంటుల మొక్కుతరానే అక్కా? అదీ కుక్కకు?" అంది అత్తమ్మ చెల్లెలు. "నోట్ల నుంచి వచ్చింది. ఇగ అది స్వామిది," అంది అత్తమ్మ. మనిషి పోయిన ఇంటివాళ్లు ఏడాది దాకా యాదగిరిగుట్ట ఎక్కకూడదని ఆమె నియమం. మొక్కిన జుట్టుకు అందాకా కత్తెర తగలకూడదు.

అలా ఏడాదిపాటు మేమిద్దరం చిట్టి జుట్టు దువ్వాం. మొదట ఆమె తల పట్టుకునేది, నేను దువ్వేదాన్ని. కొన్నాళ్లకు దువ్వెన ఆమె చేతికి పోయింది. దువ్వుతూ ప్రశ్నలు అడిగేది. చల్లదేశంల పుట్టినదానికి గింత చలెందుకు? పుట్టినప్పుడు నల్లగ ఉండెనంటివి, నీలం ఎట్లొచ్చె? ఒంటి మీద ఒక్క పొర జుట్టే ఉంటుందని, కింద వెచ్చని మెత్తటి పొర లేదని, పిల్లగా ఉన్నప్పటి నలుపు పెరుగుతూ నీలం కలిసిన ఉక్కురంగుకు తిరుగుతుందని వెతికి చెప్పేదాన్ని. "మనది నలుపు పోయి తెలుపొస్తది, దీనిది నయం," అంది. ఆ ఏడు ఇంట్లో ఆయన గురించి మేము మాట్లాడుకున్నది తక్కువ, కుక్క గురించి మాట్లాడుకున్నది ఎక్కువ.

ఒక సాయంత్రం ఇదే ధోరణిలో, జుట్టు మొదట్లో పెరుగుతుంది కాబట్టి చర్మం దగ్గరున్నది ఈ ఏటిది, కొసలు పాతవి అని చెప్పాను. దువ్వెన ఆగింది. "అంటే గీ కొసలు వాడున్నప్పటియా?" అని అడిగింది. అవునన్నాను. ఆ కొసలను అరచేతిలో వేసుకుని చాలాసేపు చూసింది.

ఏడాది నిండాక మరిది కారులో గుట్టకు పోయాం. కుక్కలను తలనీలాలు తీసే చోటికి రానివ్వరు కాబట్టి, చెట్టు నీడన కారు ఆపి, నేను తెచ్చిన కత్తెరతో కత్తిరించి, పసుపు గుడ్డలో కట్టి హుండీలో వేయాలని అనుకున్నాం. "అమ్మా, కుక్కకు గుండు గీయమంటే పంతుల్లు మనకు గీస్తరు," అని మరిది దారంతా అంటూనే ఉన్నాడు. అత్తమ్మ చిట్టిని ఒడిలోకి తీసుకుంది. పాపిటకు ఒక పక్క జుట్టంతా పిడికిట్లో పట్టుకుంది. కత్తెర తెరిచింది. నేను మరో వైపు చూశాను. కత్తెర చప్పుడు వినబడలేదు. చూసేసరికి కత్తెర నా సంచిలో ఉంది, చిట్టి నా ఒడిలో ఉంది, ఆమె మెట్ల వైపు నడుస్తోంది.

తిరిగి వచ్చినప్పుడు తల మీద కొంగు ఉంది. కారెక్కుతుంటే కొంగు జారింది. అరవై దాటినా కొప్పు పిడికిట్లో పట్టేది కాదని ఆమెకు గొప్ప. ఇప్పుడు గుండు. మరిది తాళం తిప్పబోయి ఆగాడు. "మొక్కింది దాని జుట్టు గదనే అమ్మా," అన్నాడు.

"ఎంటికలు ఎంటికలే. స్వామి ఏమన్న తూకం ఏస్తడా?" అంది. కొంతదూరం పోయాక, ఎవరూ అడగకుండానే అంది: "కొసలు వాడు దువ్వినయిరా. నాకు చేతులు రాలే."

చిట్టి మాత్రం ఆమెను గుర్తుపట్టక ఉప్పల్ దాకా మొరుగుతూనే వచ్చింది. "నీ కోసం ఇచ్చిననే, నోరు ముయ్యి చిట్టీ," అంది అత్తమ్మ. ఆమె దాన్ని పేరు పెట్టి పిలవడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

తరువాత ఆమెకు జుట్టు తెల్లగా వచ్చింది. చిట్టి కొసలు నేలకు రాసుకుని చిట్లుతుంటే, తప్పక, అప్పుడప్పుడు కొంచెం కత్తిరించేవాళ్లం. "జర తక్కువ తియ్యి బిడ్డా," అనేది ప్రతిసారీ. కొన్నాళ్లకు అలా అనడం మానేసింది. ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. ఇప్పుడు అత్తమ్మ, చిట్టి ఇద్దరూ లేరు. రబ్బరు బ్యాండ్ల ప్యాకెట్ ఆ పాత దువ్వెన పక్కన పెట్టాను. ఆయన చేయి తగిలిన చివరి కొస కూడా ఏదో ఒక సాయంత్రం కత్తెర కింద తెగి, చీపురుతో ఊడ్చుకుపోయి ఉంటుంది. అది ఏ రోజో మా ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు. ఆ రోజు కూడా ఇల్లు ఊడ్చి, చేతులు కడుక్కుని, అన్నం పొయ్యి మీద పెట్టి ఉంటాం.