ఉప్పునీళ్ళ మోటర్

"సావు పో," అన్న నేను.

"నువ్వు సచ్చినంకనే సస్త తియ్," అన్నడు ఆయన.

నాకూ నా మొగనికీ నడుమ ఆఖరి మాటలు గివే. పొద్దుగాల తొమ్మిదన్న కాలే. ఇంట్ల పాదాలు మునిగేటట్టు ఉప్పునీళ్ళు, అండ్ల నిలవడి అనుకున్నం. ఆయన బండి తీసి పోయిండు. తుక్కుగూడ తొవ్వల లారీ గుద్దింది. పగటాల్లకు పీనుగై ఇంటికొచ్చిండు. నా మాట వాడంత ఇన్నది. "దీని నోరే మింగింది వాన్ని" అన్నరు. నేను అనలేదని ఎన్నడన్న చెప్పిన్నా? అన్న. రాయి బిడ్డా. నా చెల్లె బిడ్డవు, సదువుకున్నదానివి, నాకు సంతకం తప్ప రాదు. నేను చెప్పింది చెప్పినట్టు పెట్టు.

కొట్లాట మోటర్ కోసం అయింది. బోరు మోటర్ కాదు, చేపల తొట్టి మోటర్. నవ్వకు.

మా రెండెకరాలు ఎయిర్‌పోర్టు కింద పోయినంక ఆయన టాక్సీ తోలిండు. రాజేంద్రనగర్ల ఉండే ఒక ఆంధ్రా సారు ఎప్పుడు ఆయన బండే పిలుస్తుండె. ఆ సారుకు దూరం బదిలీ అయింది. ఆయనింట్ల మూడడుగుల అద్దాల తొట్టి ఉండె, సముద్రం నీళ్ళ తొట్టి. అండ్ల పగడాలు, నారింజ రంగు చేపలు రెండు, ఒంటి మీద తెల్ల పట్టీలు. "ఇవి ప్రాణులండి, జాగ్రత్తగా చూసుకోండి," అని చెప్పి తొట్టి తొట్టే మా ఆయనకు ఇచ్చేసిండు. పగడమంటే నాకు మెడల పూసనే ఎరుక. గివేమో రాయికి ఏళ్ళు మొలిచినట్టు, నీళ్ళల్ల ఊగుతయి. ముట్టుకుంటే ముడుసుకుంటయి. రెండేండ్లు ఆయన పొద్దుగాల లేవంగనే నా మొకం చూడలే, ఆ తొట్టి మొకమే చూసిండు.

ఆ తొట్టి పని ఏందంటే, పైన నిండి పొర్లిన నీళ్ళు పైపుల వడి కింద ఇంకో తొట్టిలకు దిగుతయి. మురికంత ఆడ ఆగుతది. తేరిన నీళ్ళను మల్ల పైకి ఎత్తి పోసేది మోటర్. షాపోళ్ళు రిటర్న్ పంపు అంటరు. అది ఆగితే పై నీళ్ళకు గాలి ఆడది. పూట తిరిగే లోపల చేపలు నోర్లు తెరుస్తయి.

సారు ఇచ్చిన మోటర్ కాలింది. ఆయన మొదలు కూలర్‌ల మోటర్ పీకి పెట్టిండు. అది మూడడుగులు ఎత్తి ముక్కింది. రెండొద్దులకు దాని ఇరుసు తుప్పు వట్టి నీళ్ళు ఎర్రవడ్డయి. ఆ మాపు పోయి పెద్ద మోటర్ తెచ్చి, తెల్లారి బిగిచ్చిండు. గంటకు ఆరు వేల లీటర్లట.

"గంత పెద్దదెందుకయ్యా?" అన్న. "కిందికి దిగే పైపు అంగుళం లేదు."

"మోటరంటే దమ్ముండాలె. నీకేం తెలుసే?"

"బోరుకాడ గూడ గిదే మాట అన్నవ్. పక్కోళ్ళు మూడు హార్స్ పవర్ పెడితే నువ్వు ఐదు పెడ్తివి. బోర్ల ఉన్న చారెడు నీళ్ళు గుంజి, ఇగ గాలి గుంజి, కాలి సచ్చింది. ఎన్నిసార్లు వైండింగ్ చేపిచ్చినవ్?"

"నోరు ముయ్యి."

"కాల్వ సన్నగుంటే పెద్ద మోటర్ ఏం జేస్తది? గట్టు తెంపుతది. ఎవుసం చేసినోనివేనా నువ్వు?"

చెంప మీద ఒక్కటిచ్చిండు. మా ఇంట్ల దెబ్బ కొత్త కాదు. ఆయన కొట్టిండంటే నేను పడి ఊకున్ననని గూడ రాయకు. ఆయన బొటనేలు మొదట్ల నా పండ్ల గాటు ఉండె. పీనుగకు నీళ్ళు పోసినప్పుడు గూడ కనవడ్డది.

స్విచ్ ఏసి స్నానానికి పోయిండు. నేను పొయ్యికాడ ఉన్న. కాళ్ళకు తడి తగిలి తిరిగి చూస్తే పై తొట్టి అంచులు దాటి దునుకుతున్నయి నీళ్ళు. దిగే పైపు గుక్క తిప్పుకోలేకపోతున్నది. కింది తొట్టి అడుగు తేలింది, మోటర్ గర్రుగర్రుమంటున్నది. పగడమొకటి రాయి మీదికెల్లి ఊడి పడ్డది. బియ్యం సంచి మునిగింది. బంద్ చేసి, దిగిన నీళ్ళు మల్ల కింద నిండినంక, పైపుకున్న నల్లాను సగం మూసి మల్ల ఏసిన. అప్పుడు నిమ్మలంగ నడిచింది.

ఆయన తువ్వాల మీద వచ్చిండు. "నా మోటర్‌కు గొంతు పిసుకుతవానే?" అని జుట్టు వట్టి గోడకు కొట్టిండు. చేతికి పైపు ముక్క దొరికింది, వీపుల రెండు గట్టిగ ఏసిన. తడి తువ్వాలతోటి మొకం మీద కొడితే నా పెదివి పగిలింది. నెత్తురు ఊంచి అన్న ఆ మాట. రోజు అనుకునేదే. జర నీళ్ళియ్యి అన్నట్టు అనుకునేటోళ్ళం మేము. ఆ దినం ఆయన నిజంగ పోయిండు.

మా కులంల పదకొండో దినం దాక పెండ్లాం మూలకు కూసోవాలె. గడప దాటొద్దు. బొట్టు చెరిపేది, గాజులు తీసేది ఆ పదకొండో దినమే. నేను గోడ దిక్కు కూసున్న. వచ్చినోళ్ళు ఏడ్చి, నన్ను చూసి, గుసగుస పెట్టి పోతున్నరు. ఎండలు మండుతున్నయి. ఆ తొట్టిల నీళ్ళు ఆవిరైపోతయి, ఆయన పొద్దు మాపు చెంబుతోటి మంచినీళ్ళు కలుపుతుండె. ఏడ్సే ఇంట్ల అది ఎవనికి యాదికుంటది? నాకు గూడ లేకపాయె. ఐదో దినం పొద్దుగాల కాలిన వాసన వచ్చింది. లేసి చూస్తే కింది తొట్టి ఎండింది, మోటర్ మాడింది. చేపలు రెండు పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయి.

నా మరిది, ఆయన తమ్ముడు, ఆడనే చాయ్ తాగుతున్నడు. "మంచిగైంది," అన్నడు. "గీ దరిద్రం పెట్టె వచ్చినకాడికెల్లి అన్నకు శని వట్టింది. మాపటికి పలగ్గొట్టి బయట పారేస్త."

"నువ్వు దాన్ని పలగ్గొడితే నేను నిన్ను పలగ్గొడ్త."

"వదినె, దినాలు నడుస్తున్నయ్. నోరు జర దగ్గర పెట్టుకో. నీ నోరు ఏం చేసిందో అందరం చూసినం."

అగో, ఆ మాటకు లేసిన. నోటితోటి ఒకన్ని తిన్న అంటిరి. సరే. మూలకు కూసోని గీ రెండిటిని గూడ తినాల్నా? వాటిని సావనియ్య. ఆ పొద్దు నా మనసుల ఇంకేం లేకుండె.

మొదలు బకెట్ల మంచినీళ్ళు పట్టి, పై తొట్టిల పోసుకుంట లెక్కవెట్టిన. బకెట్ నీళ్ళు దిగే పైపుల వడి పోనీకి ఇరవై లెక్క పట్టింది. పోయే తొవ్వ వచ్చే తొవ్వ కన్న రెండింతలుండాలె, పొలంకాడ గదే లెక్క. అంటే నాకు కావల్సిన మోటర్ ఆ బకెట్‌ను నలభైకి నింపాలె. ముప్పైకి నింపితే కష్టం. నేల నుంచి పై తొట్టి అంచు నా రొమ్ము ఎత్తు. మీ అమ్మను పిలిచి చెంబు చేతికిచ్చిన. "ముంచి, పైకెత్తి పొయ్యి. నేనొచ్చేదాక ఆపకు, నీ చెయ్యి ఇరిగినా ఆపకు," అన్న. పాపం, దానికి చేపలంటే భయం. కండ్లు మూసుకోని పోసింది.

గడపకాడ మరిది అడ్డం నిలవడ్డడు. "అన్న బూడిద సల్లారలే, బజార్ల తిరుగనీకి పోతవా? లోకం ఏమంటది?"

"లోకాన్ని వచ్చి చెంబు పట్టమను."

కొట్టిండు. మొగడు పగలగొట్టిన పెదివే మల్ల పగిలింది. ఆ నెత్తురు వాని అంగి మీద ఊంచి, బకెట్ వట్టుకోని వాని చెయ్యి కిందికెల్లి దూరి పోయిన. వెనక ఆడోళ్ళు శోకం తీసిండ్రు, పోయినోని కోసం కాదు, నేను గడప దాటినందుకు.

రాజేంద్రనగర్ దిక్కు చేపల షాపుల దించిండు ఆటో అతను. షాపాయన కోస్తా దిక్కు మనిషి. నా పెదివి చూసిండు, బొట్టు, గాజులు చూసిండు. "మీ ఆయన్ని పంపండమ్మా, మోటర్ల సంగతి మగవాళ్ళకైతే తెలుస్తుంది."

"ఆయన రాడు. నాకే చూపియ్యి."

డబ్బా తీసి పెట్టిండు. "గంటకు మూడు వేల లీటర్లు."

"ఆ మూడు వేలు డబ్బా చెప్తున్నది. నా రొమ్ము ఎత్తుకు ఎత్తి, రెండు మూలమలుపులు తిప్పినంక ఎన్ని వస్తయో మోటర్‌తోటి చెప్పియ్యి."

"అలా ఎవరూ పరీక్షించరమ్మా."

"మా పొలంల మెరక మడికి నీళ్ళు ఎక్కిస్తే సగం గూడ రాకుండె. అప్పుడు గూడ మోటర్ మీద పెద్ద నంబరే రాసుండె. పైపు పెట్టు అన్నా. ఇగో, నా బకెట్ పెట్టు."

ఇద్దరు గిరాకులు నవ్విండ్రు. నేను కదల్లే. గొణుక్కుంట పెట్టిండు. పైపు అంచును నేనే రొమ్ముకాడ పట్టుకున్న, బయటికే లెక్కవెట్టిన. మొదటి మోటర్‌కు తొంభై దాటినా నిండలే. ఇంకోదాన్ని పెడితే ఇరవైకే నిండి పొర్లింది. "ఇది మంచి జోరుంది కదా," అన్నడు. "ఆ జోరే మా ఇంటిని ముంచింది," అన్న. అటెనక పెట్టింది ముప్పై తొమ్మిదికి నింపింది. "దీని ఇరుసు ఇనుపదా?" అని అడిగిన. "కాదమ్మా, పింగాణీ. ఉప్పునీళ్ళకు తుప్పు పట్టదు." అప్పుడాయన నన్ను సూటిగ చూసిండు. "ఎక్కడ నేర్చుకున్నారమ్మా ఇదంతా?" అన్నడు. పైసలు లెక్కవెట్టి ఇచ్చిన. మోటర్ ఒడిల పెట్టుకోని ఆటో ఎక్కిన.

ఇంటికొచ్చేసరికి మూడైతున్నది. మీ అమ్మ ఏడ్చుకుంట గూడ చెంబు ఆపలే. మరిది గడ్డపార పట్టి తొట్టి ముందల నిలవడ్డడు. "జరుగు," అన్నడు మీ అమ్మను. నన్ను చూసినంక ఇంక రేగిండు. ఎత్తిండు.

నేను అద్దానికి అడ్డం పోయి చెయ్యి పెట్టిన. గడ్డపార నా కుడి మణికట్టు మీద పడ్డది. బొక్క ఇరిగిన సప్పుడు నాకే ఇనవడ్డది. ఆ చేతి గాజులన్ని తునకలైనయి. పదకొండో దినం దాక ఆగలే నా గాజులు. వాడు మల్ల ఎత్తిండు. కాలిన ఆరు వేల మోటర్ కిందనే పడుంది. దాని వైరు ఎడమ చేతికి చుట్టుకోని తిప్పి కొట్టిన. మోకాలు చిప్ప మీద తగిలింది. బర్రె లెక్క ఒర్రి కూలవడ్డడు. గడ్డపార గుంజుకోని వాని గొంతు మీద ఆనిచ్చిన. "ఇంకొక్కటి కొట్టు," అన్న. "కొట్టు, వాడకు ఇంకో పీనుగ చూపెడ్త." అట్లనే అన్న. ఆడోళ్ళు నన్ను పట్టి ఎనకకు గుంజకుంటే వాని గొంతుల దింపుదునేమో, నాకు తెల్వది. దింపనని మాత్రం రాయకు.

వాన్ని ఈడ్చుకపోయిండ్రు. నేను ఎడమ చేతితోటి, మీ అమ్మ రెండు చేతులతోటి, మోటర్ కింది తొట్టిల దించి పైపు బిగిచ్చినం. కుడి చెయ్యి ఏలాడుతున్నది. స్విచ్ మీ అమ్మ ఏసింది. పైపుల గాలి గురగురమన్నది, ఆగింది, మల్ల గురగురమన్నది. అటెనక నీళ్ళు వచ్చినయి. ఎంత ఎక్కుతున్నయో అంతే దిగుతున్నయి, చుక్క బయట పడలే. చేపలు పక్కకు ఒరిగి ఉండె. పొద్దు గూకేముందు ఒకటి తోక కొట్టింది. ఇంకొకటి సచ్చిందే అనుకున్న, అది గూడ రాయి సందుకు పోయింది. అవి రెండు లోపలికి పోయినంకనే దవాఖానకు పోయిన.

పగడాలు సగం తెల్లవడి సచ్చినయి. మిగిలినయి మూడొద్దులకు ఏళ్ళు తెరిచినయి. మరిది మల్ల మా గడప తొక్కలే, నేను పిలువలే. నా మణికట్టు ఇప్పటికీ బోర్ల తిరుగుతది గని ఎల్లకిల తిరగది. అన్నం ఎడమ చేతితోటే తింట. వాడోళ్ళు ఇంకా అంటనే ఉన్నరు, మొగన్ని మింగి చేపల్ని సాకిందని. రెండూ నిజమే.

ఇగ చాలు, గొంతు ఎండింది, జర నీళ్ళియ్యి. అయితే నువ్వు నడుమ నడుమ కలం ఆపి నా మొకం చూసినవ్. ఆ గడ్డపార మాటకాడ మెత్తగ రాసినవేమో, మీ పెద్దమ్మ మంచిదని కనపడాలె అని. ఏదీ, మొదటికెల్లి సదువు. పెద్దగ సదువు, నేను ఇంట.