గీకేసిన నంబరు

వైశాలి కాలు ఒకచోట నిలవదు. నాంపల్లి కోర్టుల ఎదుటి సందులో ఆమెకు జిరాక్స్, డీటీపీ దుకాణం. పొద్దున పది నుంచి అఫిడవిట్లు, కిరాయి ఒప్పందాలు టైపు చేస్తుంది. వేళ్లు కీబోర్డు మీద ఉన్నా చూపు మాత్రం వీధిలోనే. ఎక్కడ రోడ్డు తవ్వుతున్నారు, ఎవరింటి ముందు కంకర పోశారు, బోరు బండి ఏ సందులోకి మళ్లింది? ఆ దుమ్ము కనబడితే చాలు, "ఐదు నిమిషాల్ల వస్త" అని లేచిపోతుంది. అరగంట తర్వాత చున్నీ కొంగులో రెండు రాళ్లు మూట కట్టుకుని వస్తుంది.

ఆరేళ్ల కింద పక్కింటి పునాది తవ్వుతుంటే గ్రానైట్ ముక్కలో వేలెడంత ఊదారంగు స్ఫటికం మెరిసింది. అక్కడ మొదలైంది ఈ పిచ్చి. ఇప్పుడు ఇంట్లో బిస్కెట్ డబ్బాలన్నీ రాళ్లే. ఒక్కో రాయి కింద ఒక చీటీ: ఏం రాయి, ఎక్కడ దొరికింది, ఏ తేదీన. భర్త వామన్‌రావు ఆబిడ్స్‌లో బట్టల షోరూంలో సేల్స్‌మన్. "మనది మూడో అంతస్తు, జర యాదిల పెట్టుకో," అంటాడు. అంతకుమించి ఏమీ అనడు.

ఊళ్లో రాళ్లు ఏరేవాళ్లు పదిమంది కలిసి ఒక బృందంగా తిరుగుతారు. వైశాలీ అందులో చేరింది. కిందటి వానాకాలం అందరూ వికారాబాద్ దిక్కు వెళ్లారు. అందరికీ నత్తగుల్లల శిలాజాలు దొరికాయి. వైశాలికి దొరికింది అరికాల్లో తుమ్మ ముల్లు. బస్సులో వాళ్లు ఒకరి రాయి ఒకరు చూసుకుంటూ నవ్వుతుంటే ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

తర్వాతి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత తాళాలు, ఇత్తడి కుళాయిలు అమ్మే కొండమ్మ నేల మీద పరిచిన పట్టా మీద ఆ రాయి కనబడింది. పిడికిలంత తెల్లటి చెకుముకి రాయి. దాని నిండా గోధుమగింజలంత నత్తలు. ఒక అంచున బియ్యపు గింజంత నల్లటి ముక్క. భూతద్దం పెట్టి చూస్తే వరసగా చిన్న చిన్న పళ్లు. దవడ! బేరమైనా ఆడకుండా కొనేసింది. రాయి అడుగున తెల్ల రంగు చుక్క, దాని మీద సిరాతో ఏదో నంబరు. అంటే అంతకు ముందు ఎవరో దీన్ని భద్రంగా దాచుకున్నారన్నమాట. ఆ సంగతి వైశాలికి తెలుసు. తెలిసే, ఇంటికొచ్చి బ్లేడుతో ఆ నంబరు గీకేసింది. చీటీ మీద 'వికారాబాద్ దగ్గర వాగు ఒడ్డున నేనే ఏరినది' అని టైపు చేసి, బృందం వెళ్లిన రోజు తేదీ వేసింది.

ఈ ఏడు హిమాయత్‌నగర్‌లో బృందం చిన్న ప్రదర్శన పెట్టింది. యూనివర్సిటీలో శిలాజాల మీద పరిశోధన చేసే సిద్ధార్థ్ అనే కుర్రవాడు చూడటానికి వచ్చి, వైశాలి బల్ల దగ్గర ఆగిపోయాడు. పావుగంట వంగిన తల ఎత్తలేదు.

"మేడమ్, ఇది మీకే దొరికిందా?"

"ఔ."

"రాక్షసిబల్లుల కాలం నాటి చిన్న జంతువు దవడ కావచ్చు. జాగ చూస్తే గానీ చెప్పలేం. పై ఆదివారం పోదామా? చూపిస్తరా?"

చుట్టూ బృందం వాళ్లంతా చూస్తున్నారు. "ఎందుకు చూపియ్య?" అంది వైశాలి.

ఆ వారమంతా ఆమె మనసు మనసులో లేదు. ఒక కిరాయి ఒప్పందంలో యజమాని పేరు చోట కిరాయిదారు పేరు కొట్టింది. టీ తెప్పించుకుని చల్లార్చింది. 'పైన తెలిపినదంతా నా ఎరుకలో నిజమని ప్రమాణం చేస్తున్నాను' అన్న వాక్యం రోజుకు ముప్పైసార్లు కొట్టే వేళ్లు ఇప్పుడు అక్కడికి రాగానే తడబడుతున్నాయి. ఏదో ఒక వాగు చూపించేస్తే? ఒడ్డంతా తవ్వుతారు, ఏమీ దొరకదు, అంతే కదా! కానీ ఆ అబ్బాయి భూతద్దం మీద వంగిన తీరు గుర్తొస్తే ఆ ఆలోచన అక్కడే ఆగిపోయేది.

సిద్ధార్థ్‌కు ఈ వారం కుదరదని ఫోన్ చేసి, ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ వెళ్లింది. కొండమ్మ ఎప్పుడూ కూర్చునే చోట లేదు. రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు తిరిగితే, మూసి ఉన్న చెప్పుల దుకాణం మెట్ల మీద కనబడింది.

"కొండమ్మా, నిరుడు నాకు తెల్లరాయి అమ్మినవు, యాదున్నదా? అది నీకు యాడిది?"

"గా రాళ్లా బిడ్డా! కాచిగూడల ఒక పాత ఇల్లు కూలగొట్టిన్రు. సామానుతోని గోనెసంచి నిండా ఇచ్చిన్రు. దేనికి దానికి కాయితం ముక్క అంటుకోని ఉండె. కొబ్బరి పీచు పెట్టి రుద్ది రుద్ది కడిగిన. మురికి కాయితం ఉంటే ఎవలు కొంటరు?"

వైశాలి ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది. "కాయితాల మీద ఏం రాసుండె?"

"నాకు చదువొస్తదా బిడ్డా?"

కొండమ్మ చెప్పిన గుర్తులు పట్టుకుని కాచిగూడ వెళ్లి చూసింది. ఇల్లు లేదు. సెల్లారు కోసం తవ్విన గుంతలో నీళ్లు నిలిచాయి. ఇంటివాళ్లు ఎటు వెళ్లారో ఎవరికీ తెలియదు.

సోమవారం సిద్ధార్థ్‌ను దుకాణానికి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది. చెబుతున్నంతసేపూ స్టేప్లర్ తెరుస్తూ మూస్తూ ఉంది. అతను బల్ల మీది రాయి తిప్పి, అడుగున బ్లేడు గీతలు చూశాడు.

"కాయితాలు ఆమె తెలియక కడిగింది. నంబరు మీరెందుకు గీకిన్రు మేడమ్?"

"అది నాదని అనిపించుకోవాలని."

"ఏం నంబరు ఉండె?"

"ఇరవై ఆరో, ఇరవై ఎనిమిదో. సరిగ్గ చూడలే."

"జాగ తెల్వకుంటే దీని మీద ఒక్క అక్షరం అచ్చేయలేను," అన్నాడు అతను లేస్తూ. కోపం గొంతులో లేదు గానీ, ఆమె ఇచ్చిన టీ ముట్టలేదు. వైశాలి పాత చీటీ చింపేసి, 'ఆబిడ్స్‌లో కొన్నది, చోటు తెలియదు' అని కొత్తది రాసి, రాయితో సహా అతని చేతిలో పెట్టింది. బృందానికీ ఫోన్‌లో అదే సంగతి రాసింది. ఇద్దరు ఫర్వాలేదన్నారు. మిగతావాళ్లు ఏమీ అనలేదు. ఆ మౌనం ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

అయినా ప్రతి ఆదివారం కొండమ్మ దగ్గరికి వెళుతూనే ఉంది. మూడు నెలలయ్యాక ఒక రోజు గాలి వీస్తుంటే, కొండమ్మ పట్టా ఎగరకుండా ఒక మూల మీద తెల్లరాయి పెట్టింది. వైశాలి ఎత్తి చూసింది. అవే నత్తలు. తిప్పితే అడుగున మట్టి కింద అలాంటి తెల్ల చుక్కే, దాని మీద ఇరవై ఏడు, అంటే తన రాయికి పక్క నంబరు. పక్కనే అంటుకున్న కాగితం ముక్క, మీద ఉర్దూ రాత.

"గిది కడగలే బిడ్డా, బరువుకు పెట్టుకున్న," అంది కొండమ్మ తప్పు చేసినట్టు. వైశాలి ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది.

కోర్టు గేటు పక్కన అర్జీలు రాసే కోదండరామయ్యకు ఎనభై ఆరేళ్లు. చిన్నప్పుడు ఉర్దూలో చదువుకున్నవాడు. మర్నాడు ఆయన కాగితాన్ని వెలుతురుకు పెట్టి చదివాడు.

"వాగు ఒడ్డు అని ఉన్నది. ఊరి పేరు సగం పురుగు తిన్నది. చివర 'పల్లి'."

"మొదట్ల ఏముంది సార్?"

"అక్షరం తేడా తెలిపే చుక్కలు చెరిగిపోయినయమ్మా. జ కావచ్చు, చ కావచ్చు, ఖ కూడ కావచ్చు."

వైశాలి అక్కడి నుంచే సిద్ధార్థ్‌కు ఫోన్ చేసింది. అతను "పటం తీయండి మేడమ్, నేను వస్తున్న," అన్నాడు. సాయంత్రం దాకా ఇద్దరూ వెతికితే, పక్కన వాగు ఉన్న అలాంటి ఊళ్లు తొమ్మిది తేలాయి.

ఆ శనివారం మొదటి ఊరికి వెళ్లారు. వామన్‌రావు షోరూంకు సెలవు పెట్టి, ఎవరూ అడక్కుండానే గొడుగు పట్టుకుని వెంట వచ్చాడు. వాగుంది. నల్లరాయి తప్ప తెల్లరాయి లేదు. తిరుగు బస్సులో సిద్ధార్థ్ నిద్రపోయాడు, వామన్‌రావు మోకాళ్లు నొక్కుకుంటున్నాడు. వైశాలి ముందుకు వెళ్లి, రెండో ఊరికి తొలి బస్సు ఎన్ని గంటలకని కండక్టర్‌ను అడుగుతోంది.