గోపన్‌పల్లి బండ మీద వెంట్రుకలు

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే మధ్యలో అడ్డం పడి ప్రశ్నలడిగే రకం నేను. నమ్మకం మాట అటుంచండి, వినే ఓపిక కూడా ఉండేది కాదు. ఇప్పుడు నేను చెప్పబోయేదాన్ని మీరూ అలాగే అనుమానించండి. ఏమీ అనుకోను.

తొంభైల చివర్లో నేను హైదరాబాద్‌లో పరిశోధన విద్యార్థిని. హైటెక్ సిటీ కోసం బండలు పేలుస్తున్న రోజులు. గోపన్‌పల్లి గుట్టల్లో ఒక కోతుల గుంపు ఉండేది. వాటిలో కొన్ని నాటు బాదం కాయల్ని ఒక బండ మీద పెట్టి, రాయితో పగలగొట్టి పప్పు తినేవి. మిగతా వాటికి అది చేతకాదు. ఆ విద్య తల్లి నుంచి పిల్లకు వస్తోందా, పక్కదాన్ని చూసి నేర్చుకుంటున్నాయా అన్నది నా థీసిస్.

ఏది దేని పిల్లో తేల్చాలంటే డిఎన్‌ఏ కావాలి. దానికోసం కోతుల్ని పట్టేవాళ్లం కాదు. ఆ బండకు జిగురు టేపు వేసి, దానికి అంటిన వెంట్రుకల కుదుళ్ల నుంచి తీసేవాళ్లం. ల్యాబ్‌లో పరీక్షిస్తే ఆ డిఎన్‌ఏ గీతలుగా కనిపిస్తుంది, ఒక్కో కోతికి ఒక్కో వరుస, మన వేలిముద్రల్లాగే.

టేపులు వేసి, తీసి, కవర్లలో తెచ్చేది యాదయ్య. ఆ ఊరివాడే. యాభై దాటాయి. నడుము పట్టేసి రాళ్లు కొట్టే పని మానేశాక, ఈ పనితోనే ఆ ఇల్లు నడిచేది.

గుంపులో అన్నిటికన్నా నేర్పరి ఒక ముసలి ఆడకోతి. ఆ వేసవిలో కొత్తగా లాగిన కరెంటు తీగ పట్టుకుని చచ్చిపోయింది. ఊళ్లో కోతి పోతే హనుమంతుడు పోయినట్టే. పసుపు కుంకుమ పెట్టి, డప్పులతో ఊరేగించి పూడ్చారు. గుంట తవ్వింది యాదయ్యే. పూడ్చేలోపు నాలుగు వెంట్రుకలు పీకి ఇవ్వమని మెల్లగా అడిగాను.

"సామి మీద చెయ్యేస్తమా మేడం? గట్ల అడగకుర్రి," అన్నాడు.

మూడు వారాల తర్వాత అతను తెచ్చిన టేపులో ఆ ముసలిదాని గీతలు వచ్చాయి, అది బతికున్నప్పటి టేపుల్లో వచ్చినవే. పాత వెంట్రుక ఏదో ఉండిపోయిందనుకుని బండను బ్లీచింగ్ పౌడర్‌తో కడిగించాను. పై వారం మళ్లీ అవే గీతలు. కూతురిదా అంటే, కూతురికి తల్లి గీతల్లో సగమే వస్తాయి. ఇవి పూర్తిగా దానివే.

ఇక నా అనుమానం యాదయ్య మీదికి పోయింది. గుంట దగ్గర నాకు నీతులు చెప్పి, తర్వాత పీకి దాచుకున్నాడు. టేపు ఖాళీగా వస్తే పని పోతుందని వాటిని అంటిస్తున్నాడు. దొంగ చేతికి తాళాలిచ్చాం అనుకుని, వెళ్లి నా పరిశోధన గైడు, మా సార్‌కి చెప్పేశాను. సార్ అతన్ని పిలిపించి నా ముందే నిలదీశారు.

యాదయ్య సార్ వైపు చూడలేదు. "పనిల నుంచి తీసేస్తె తియ్యుర్రి మేడం. గని సామి ఎంట్రుకలు పీకినవంటున్నరు సూడుర్రి, గా మాట ఊళ్లె తెలిస్తె నేను మొఖమెట్ల సూపియ్యాలె?" అన్నాడు నాతో.

మర్నాటి నుంచి రావద్దన్నారు. నాకు జాలి కలగలేదు. దొంగను పట్టానని కాస్త గర్వంగా కూడా ఉంది.

ఆ తర్వాతి వారం నేనే వెళ్లాను. పొద్దున ఏడింటికి బండ శుభ్రంగా కడిగి, నా చేత్తో టేపు వేసి, ఎదురుగా రాయి మీద కూర్చున్నాను. కోతులు దూరంగా నల్లగండ్ల వైపు చెట్లలో ఉన్నాయి, అరుపులు వినిపిస్తున్నాయి. పదకొండు దాటాక, మండుటెండలో, బండ దగ్గర టక్కున చప్పుడైంది. మళ్లీ రెండుసార్లు. నేను చూస్తూనే ఉన్నాను. అక్కడ ఏమీ లేదు.

ఎండకు బండ చిట్లిందేమో అనుకుని దగ్గరికి వెళ్లాను. పగిలిన బాదం టెంక ఉంది. లోపల పప్పు లేదు. టేపు మీద రెండు వెంట్రుకలు. టేపు తీసి కవర్లో వేసుకున్నాను.

ల్యాబ్‌లో వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పరీక్షకు వాడే మందులన్నీ కొత్తవి విప్పాను. ఏదైనా కల్తీ జరిగితే తెలియడానికి వెంట్రుక వెయ్యని గొట్టం ఒకటి పక్కన పెట్టాను. అందులో ఏ గీతా రాలేదు. వెంట్రుకలు వేసినదాంట్లో ఆ ముసలిదాని గీతలే వచ్చాయి.

సార్ ఆ గీతల ఫోటో చాలాసేపు చూశారు. "నువ్వు కూడా మొదలుపెట్టావా?" అన్నారు. అంతకుముందు ఆయన నన్నెప్పుడూ అలా చూడలేదు.

ఆ సాయంత్రమే యాదయ్య ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. తప్పు నాదన్నాను. సార్ నన్నూ నమ్మలేదని చెప్పాను.

"మరి ఇప్పుడు మీకెట్లుంది మేడం?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నాకు ఏడుపొచ్చింది.

అతన్ని మళ్లీ పనిలోకి తీసుకోలేదు. ఆ టేపుల్ని ఎందుకు వదిలేశామో థీసిస్‌లో ఒక వాక్యం రాయాలన్నారు సార్. లేకపోతే డిగ్రీ రాదన్నారు. రాశాను.

ఆ వెంట్రుకలు ఎక్కడివో నాకు ఇప్పటికీ తెలియదు. యాదయ్య పెట్టినవి కావని మాత్రం తెలుసు. నా థీసిస్‌లో మాత్రం అతనే పెట్టాడని ఉంది.